కోటు రాని రాత్రి

ఈ నాటకంలో ఉండేది ఇద్దరే.
గుద్రున్, ఒక కోటు.
కోటుకి మాటల్లేవు.
గుద్రున్‌కి గంటా ఇరవై నిమిషాల మాటలు.

నేను కోటు తాలూకు మనిషిని.
పదకొండేళ్లుగా దాని బొత్తాలు కుట్టేదాన్ని,
కాలరు మీద చుండ్రులా సుద్దపొడి చల్లేదాన్ని.
ఎడమ జేబులో వారానికోసారి
పొగాకు పొట్లం మార్చేదాన్ని,
ముందు వరసకైనా ఆయన వాసన తగలాలని.

ఆయనంటే కోటే.
మూడుసార్లు ప్రధాని, రెండు యుద్ధాల మధ్య
దేశాన్ని గుడ్డులా పట్టుకు నడిచినవాడట.
థోరా ఆయన భార్య.
వేదిక మీదికి రాగానే కోటుని కొంకెకి తగిలించి,
భుజాలు సవరించి,
ఆ తర్వాత చెప్పేదంతా దానికే చెబుతుంది.
పేరు ఒక్కసారైనా పలకదు.
ఆయనకి ఉప్పు తక్కువ. ఆయనకి నిద్ర తక్కువ.
ఆయన అన్నారని
మీరంతా రాళ్ల మీద చెక్కించుకున్న ఆ వాక్యం
చేపల సూపు కలుపుతూ నేనన్నది.
ఇక్కడ జనం నవ్వుతారు.
ప్రతి ఊళ్లోనూ. సరిగ్గా ఇక్కడే.

ట్రోమ్సోలో ఓడ మారినప్పుడు
పెట్టె ఒకటి మాతో ఎక్కలేదు.
వార్దోలో దిగి లెక్క చూసుకుంటే
దీపం ఉంది, టీకప్పు ఉంది,
కుర్చీ ఉంది, కొంకె కూడా ఉంది.
ఆయన లేడు.

రేవులో తాళ్లు కట్టే ఐవిన్
తన కోటిస్తానన్నాడు.
పసుపుపచ్చ రబ్బరు కోటు, మోకాళ్ల దాకా చేపల పొలుసులు.
గుద్రున్ నవ్వి వద్దంది.
మరి ఎవరితో మాట్లాడతావు, అన్నాను.
అద్దంలోంచి నన్ను చూసింది గానీ
జవాబు చెప్పలేదు.

చేపలు కోసేవాళ్ల సంఘం హాలు.
నలభై ముగ్గురు.
హీటరు మీద ఆరేసిన ఉన్ని చేతితొడుగులు,
వాటి ఆవిరి.
బయట సముద్రం గాలితో తగువాడుతోంది.

కొంకె దాకా చెయ్యి వెళ్లింది,
అలవాటున.
అక్కడ భుజాల్లేవు.
చెయ్యి గాల్లో కాసేపు నిలబడి
దారి తప్పిన పిల్లలా వెనక్కి వచ్చింది.
అప్పుడు గుద్రున్ జనం వైపు తిరిగింది.

నాకు పని లేదు ఆ రాత్రి.
తియ్యాల్సిన నలక లేదు, సవరించాల్సిన చెయ్యి లేదు.
తెర పక్కన ఊరికే నిలబడి
పదకొండేళ్లలో మొదటిసారి నాటకం చూశాను.

సూపు దగ్గర ఎవరూ నవ్వలేదు.
ముందు వరసలో మేజోడు అల్లుతున్నావిడ
సూదులు ఆపింది.
పక్కనున్న మొగుణ్ణి చూడలేదు.
అతనే ఆమెని చూశాడు.

చివర్లో ఆయన పోతాడు.
థోరా టీ పోసి కోటు ముందు పెడుతుంది,
కోటు చేయి పట్టుకుంటుంది, దీపం ఆరుతుంది.
ఆ టీ రోజూ నేనే పారబోస్తాను, చల్లారాక.

ఆ రాత్రి పోసింది.
ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చుట్టూ చూసింది.
మాట మర్చిపోయిందేమోనని
మెల్లగా అందించాను. వినిపించుకోలేదు.
ఆయన కుర్చీలో కూర్చుంది.
పదకొండేళ్లలో ఎవరూ కూర్చోని కుర్చీ, కిర్రుమంది.
కప్పు రెండు చేతులా పట్టుకుని
ఊదుకుంటూ, తొందర లేకుండా,
మొత్తం తాగింది.
దీపాల కుర్రాడు ఆర్పడం మర్చిపోయాడు.
చప్పట్లు చాలాసేపటికి గానీ మొదలు కాలేదు.

కోటు మర్నాటి ఓడలో వచ్చింది,
ఒక భుజం తడిసి.
ఇస్త్రీ చేశాను, పొగాకు మార్చాను.
గుద్రున్ తగిలించింది, సవరించింది.
సూపు దగ్గర జనం నవ్వారు.
అన్నీ మామూలే.

టీ మాత్రం, ఎలా తాగుతావని అడిగాను.
ఇన్నేళ్లలో అడగలేదు.
రెండు చెంచాల పంచదార, కాస్త ఘాటుగా, అంది.
అలాగే పెడుతున్నాను.
కొన్ని రాత్రులు కప్పు ఖాళీగా వస్తుంది.